శుక్లం ముదరాలా? శివారెడ్డి గారి జీవితం ఏం చెబుతోంది?

మీ ఇంట్లో పెద్దవాళ్లకు చూపు మసకబారిందా? శుక్లం ఇంకా ముదరలేదులే అని వాయిదా వేస్తున్నారా? సికింద్రాబాద్‌లో మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది నోట ఈ మాటే వింటుంటాం. అయితే డాక్టర్ పెరుగు శివారెడ్డి గారి గురించి ఒకసారి చదవండి.

ఆయన 1920లో కర్నూలు జిల్లాలో ఓ సాధారణ రైతు కుటుంబంలో పుట్టారు. మద్రాసులో ఎంబీబీఎస్, విశాఖపట్నంలో కంటి వైద్యంలో ఎంఎస్ చేశారు. హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రికి సారథ్యం వహించారు. ఆపరేషన్లు చేస్తూనే ప్రొఫెసర్‌గా తర్వాతి తరం కంటి వైద్యులను తయారుచేశారు.

ఇంతకీ శుక్లం అంటే ఏమిటి? కంటిపాప వెనక ఉండే సహజమైన లెన్స్ మసకబారడమే. ఈ లెన్స్‌లో రక్తనాళాలు ఉండవు. దాదాపు మూడో వంతు ప్రొటీన్లే. వయసు, మధుమేహం, పొగతాగడం, దీర్ఘకాలం వాడే స్టిరాయిడ్ల వల్ల అవి ముద్దకడతాయి. ఉడికిన గుడ్డులోని తెల్లసొన మళ్లీ నీరు కాదు కదా! అలాగే ఈ మసకా చుక్కల మందుతో పోదు. ఆపరేషనే దారి.

ఆ రోజుల్లో ఆ సౌకర్యం పట్నాల్లోనే ఉండేది. చూపులేని ముసలివారిని అంతదూరం ఎవరు తెస్తారు? అందుకే శివారెడ్డి గారు వైద్యాన్నే పల్లెలకు తీసుకెళ్లారు. వందలాది నేత్ర శిబిరాలు పెట్టారు. ఆయన చేసిన శుక్లాల ఆపరేషన్లు లక్షల్లోనే ఉంటాయి. 1971లో పద్మశ్రీ, 1977లో పద్మభూషణ్ అందుకున్నారు. 2005లో కన్నుమూశారు.

ముదిరేదాకా ఆగమనే మాట ఆ కాలానిదే. అప్పుడు కోత పెద్దది. లెన్స్ తీసేస్తే దాని స్థానంలో పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. జీవితాంతం సోడాబుడ్డి కళ్లద్దాలే గతి. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే కృత్రిమ లెన్స్ అమర్చినా, అది మన సామాన్యుడికి అందేసరికి దశాబ్దాలు పట్టింది. అందుకే కాస్త చూపున్నంతకాలం ఆగమనేవారు.

ఇప్పుడు కోత చిన్నది, లెన్స్ లోపలే అమరుస్తారు. చాలామంది అదేరోజు ఇంటికి వెళ్లిపోతారు. కాబట్టి పేపరు చదవలేకపోయినా, మెట్లు దిగడానికి తడబడినా, ఎదుటి బండి లైటుకు కళ్లు చెదిరినా కంటి డాక్టర్‌ను కలవండి. మరీ ముదరనిస్తే ఆపరేషన్ కష్టమవుతుంది. కొందరిలో లెన్స్ ఉబ్బి, కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు శాశ్వతంగా పోవచ్చు. మధుమేహం ఉంటే రెటీనా పరీక్ష కూడా చేయించండి.

పల్లె గడపల దాకా వెళ్లి చూపునిచ్చారాయన. మన పెద్దవాళ్లను పక్కనున్న ఆసుపత్రికి తీసుకెళ్లడం మన వంతు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ ఉచితం.