పత్తి వెంకయ్య జెండా గీసిన తీరు

కోదాడ, మునగాల ప్రాంతాల వారికి నడిగూడెం కోట కొత్త కాదు. మన జాతీయ జెండా ఈ కోటలోనే పుట్టిందని పెద్దలు చెబుతుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, కొంత అభిమానం ఉంది. ఏది ఎంత అన్నది తేలాలంటే పింగళి వెంకయ్య గారు పనిచేసిన పద్ధతి ముందు తెలుసుకోవాలి.

వెంకయ్య గారిది మన జిల్లా కాదు. 1876 ఆగస్టు 2న బందరు దగ్గరి భట్లపెనుమర్రులో జన్మించారు. పడుచుతనంలో సైన్యంలో చేరి బోయరు యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్లారు. అక్కడ గాంధీజీతో పరిచయమైంది. సిపాయిలంతా బ్రిటిష్ జెండాకు వందనం చేయడం చూసి, మనకంటూ ఒక జెండా లేదే అన్న బాధ ఆయనలో అప్పుడే మొదలైందని చెబుతారు. తిరిగి వచ్చాక రైల్వే గార్డుగా, ప్లేగు ఇన్‌స్పెక్టరుగా కొలువులు చేశారు. లాహోరు వెళ్లి జపాను భాష నేర్చారు. ఒకచోట కాలు నిలిచే మనిషి కాదు.

అటువంటి మనిషిని నడిగూడెం రప్పించిన వారు మునగాల జమీందారు రాజా నాయని వెంకట రంగారావు గారు. మునగాల పరగణా అప్పట్లో కృష్ణా జిల్లాలోది. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ దీవిలా ఇంగ్లీషు వారి పాలనలోని పల్లెలు. 1959లో గాని ఇది నల్లగొండ జిల్లాలో కలవలేదు. 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది. రాజా వారికి చదువు మీద, దేశం మీద మక్కువ ఎక్కువ. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టడానికి అండగా నిలిచిన వారిలో ఆయన ఒకరు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారు. అంటే ఆ రోజుల్లో మునగాల జమీ పన్నులు వసూలు చేసే కచ్చేరీ మాత్రమే కాదు, పుస్తకాలూ దేశపు సంగతులూ నడిచే చోటు కూడా.

1906 తర్వాత కొన్నేళ్లు వెంకయ్య గారు ఇక్కడ వ్యవసాయ పరిశోధన చేశారు. ముఖ్యంగా పత్తి. కంబోడియా పత్తి మీద ఆయన చేసిన కృషికి పత్తి వెంకయ్య అన్న పేరు స్థిరపడింది. జెండా కథలో పత్తి ఎందుకని పాఠకులు అడగవచ్చు. నాకు తోచిన కారణం ఇది. మేలు రకం పత్తి కావాలంటే ముందు దొరికిన రకాలన్నీ కూర్చుకోవాలి. పింజ ఎంత పొడవు, కాయ ఎంత బరువు, మన నేలకు ఏది నిలుస్తుంది అని ఒక్కొక్కటీ చూసి, పనికిరానిది తీసేయాలి. జెండా విషయంలోనూ వెంకయ్య గారు సరిగ్గా అదే చేశారు. ముందు గీయడానికి కూర్చోలేదు. దేశదేశాల జెండాల వివరాలు పోగుచేశారు. ఎవరి జెండాలో ఏ రంగు ఎందుకుంది, ఏ గుర్తు ఎక్కడి నుంచి వచ్చింది అన్నది చదివారు.

తర్వాత బందరు వెళ్లి ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకుడయ్యారు. 1916లో భారతదేశానికి ఒక జాతీయ పతాకం కావాలంటూ ఇంగ్లీషులో చిన్న పుస్తకం అచ్చువేయించారు. అందులో ఇతర దేశాల జెండాల సంగతులతోపాటు మన జెండాకు ముప్పై దాకా నమూనాలు ఇచ్చారు. ఆ పుస్తకం పట్టుకొని ఏటేటా కాంగ్రెసు సభలకు వెళ్లి, నాయకుల చెవిలో జెండా మాట వేస్తూ వచ్చారు.

ఫలితం ఏమిటి? గాంధీజీ ఆయన పట్టుదలను మెచ్చుకున్నారు గాని నమూనాలకు మనసు కదలలేదు. ప్రజల గుండెను తట్టేది వాటిలో తనకు కనబడలేదని గాంధీజీ తర్వాత తన పత్రికలో దాపరికం లేకుండా రాశారు. ఏళ్ల తరబడి చేసిన పనికి వచ్చిన జవాబు అది. మరొకరైతే చాలించుకునేవారే. వెంకయ్య గారు చాలించలేదు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఈ ఘట్టమే.

లోటు తీర్చే ఆలోచన పంజాబు నుంచి వచ్చింది. జెండా మీద చరఖా ఉండాలని జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ సూచించారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశం జరిగింది. అక్కడ గాంధీజీ వెంకయ్య గారిని పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖాతో ఒక నమూనా గీసి ఇమ్మన్నారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు. బందరులో చిత్రలేఖనం నేర్పే ఈరంకి వెంకటశాస్త్రి గారి సాయంతో మూడు గంటల్లో నమూనా తయారైంది.

మూడు గంటలే! వినేవారికి వింతగా ఉంటుంది. కాని పోచంపల్లి చుట్టుపక్కల వారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. చిటికీ చీర మగ్గం మీద నేసేటప్పుడు పువ్వు తనంతట తాను తేలివస్తున్నట్టుంటుంది. ఆసు పోయడం, లెక్క ప్రకారం ముడులు కట్టడం, అద్దకం, ఆరబెట్టడం, ఈ చాకిరీ అంతా అంతకు ముందే అయిపోయి ఉంటుంది. బెజవాడలో కాగితం మీద పడింది మూడు గంటల పని. దాని కింది పడుగు పదేళ్లకు పైబడినది.

ఇంతా చేసి నమూనా చేతికి అందేసరికి ఆలస్యమైంది. సభ ముందు పెట్టే వీలు లేకపోయింది. అదీ ఒకందుకు మేలైందని గాంధీజీ అనుకున్నారు. తీరిగ్గా ఆలోచించాక, మిగిలిన మతాల వారికి చోటు లేదని తోచి తెలుపు చేర్చమన్నారు. సంఖ్యలో చిన్నవారు ముందుండాలని తెలుపు పైన, ఆకుపచ్చ నడుమ, ఎరుపు అడుగున ఉంచారు. చరఖా మూడు రంగుల మీదుగా వచ్చింది. గుడ్డ మాత్రం ఖద్దరే కావాలి. మళ్లీ పత్తి దగ్గరికే వచ్చాం చూడండి.

ఆ జెండా కూడా అలాగే నిలవలేదు. రంగులను మతాలకు ముడిపెట్టడం మీద తగవు వచ్చింది. 1931లో పట్టాభి సీతారామయ్య గారు కన్వీనరుగా ఏడుగురి సంఘం వేశారు. ఆ సంఘం అంతా ఒకే కాషాయ రంగు చాలంది. కాంగ్రెసు దానికి ఒప్పుకోక కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగులను ఖాయం చేసి, తెలుపు మీద చరఖా నిలిపింది. రంగులకు మతాలతో పొత్తు లేదని కూడా తేల్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ చరఖా స్థానంలో ఇరవై నాలుగు ఆకుల అశోక చక్రం ఉంచింది. చరఖాను జెండా రెండో వైపు నుంచి చూస్తే ఎదురుతిరిగినట్టు ఉంటుంది. చక్రం ఎటు చూసినా ఒకటే.

కాబట్టి ఈనాటి జెండా అచ్చంగా ఒక్కరి చేతి గీత కాదు. నమూనా గీసింది బెజవాడలో, పుస్తకం అచ్చయింది బందరులో. నడిగూడెం వాటా ఏమిటంటే, ఆ ఆలోచన ముదిరిన ఏళ్లలో ఆయనకు నీడ ఇవ్వడం. అది చిన్న వాటా అని నేననుకోను. దానికోసం లేని గొప్పలు కలపనక్కరలేదు.

తర్వాతి కాలంలో వెంకయ్య గారు రాళ్లూ రత్నాల పరిశోధనలో పడ్డారు. నెల్లూరు వైపు అభ్రకం గురించి శోధించారు. వజ్రాల మీద పుస్తకం రాశారు. అందుకే డైమండ్ వెంకయ్య అనీ అన్నారు. డబ్బు మాత్రం నిలవలేదు. చివరి రోజులు విజయవాడ చిట్టినగర్‌లో లేమితోనే గడిచాయి. 1963 జూలై 4న కన్నుమూశారు. ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది 2009లో, అంటే నలభై ఆరేళ్ల తర్వాత.

తన శరీరం మీద మూడు రంగుల జెండా కప్పాలనీ, శ్మశానానికి చేరాక దాన్ని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టాలనీ ఆయన ముందే కోరారని, అలాగే జరిగిందని చెబుతారు.