ఫిడేలు నాయుడు గారు

మన క్లాసుల్లో కొందరికి బోర్డు మీద అక్షరాలు సరిగ్గా కనబడవు. వాళ్ళకి పేర్లు పెట్టి ఏడిపించేవాళ్ళు కూడా ఉన్నారు. అలాంటి తక్కువ చూపుతోనే పెరిగి, దేశమంతా పేరు తెచ్చుకున్న ఒక మహానుభావుడి గురించి చెబుతాను. ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అందరూ ఫిడేలు నాయుడు గారు అనేవారు.

ఆయన 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టారు. పెరిగింది మాత్రం మన విశాఖపట్నంలో. చూపు సరిగ్గా లేక బడి చదువు ఆగిపోయింది. అయితే ఇంట్లో ఊరికే కూర్చోలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారి దగ్గర ఫిడేలు నేర్చుకున్నారు. కళ్ళు చేయలేని పని చెవులు, వేళ్ళు చేశాయి. పొద్దస్తమానం సాధకమే!

1919లో విజయనగరం మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్ళారు. ఆయన వాయించింది విన్నాక ఏమైందో తెలుసా? విద్యార్థిగా కాదు, ఏకంగా ఫిడేలు అధ్యాపకుడిగా తీసుకున్నారు! అప్పటికి ఆయన వయసు 26 ఏళ్ళు. బడి చదువు పూర్తి కాని మనిషి పాఠం చెప్పే గురువు అయ్యారు. 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ కూడా అయ్యారు.

ఫిడేలు యూరప్ నుంచి వచ్చిన వాద్యం. తీగలు నాలుగే. అక్కడ గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనవాళ్ళు నేల మీద కూర్చుని, దాని చివర కుడి పాదం మీద ఆనించి వాయిస్తారు. కచేరీల్లో అది ఎక్కువగా పాటగాడి పక్కన వాయించే పక్కవాద్యమే. నాయుడు గారు కూడా పెద్ద పెద్ద విద్వాంసుల పక్కన వాయించారు. కానీ అక్కడే ఆగిపోలేదు. పాటగాడు లేకుండా ఫిడేలు ఒక్కటే కచేరీ నడపగలదని వాయించి చూపించారు. ఆయన కమాను లాగితే మనిషి గొంతెత్తి పాడినట్టే ఉండేదట.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1957లో పద్మశ్రీ వచ్చింది. 1964 నవంబరు 25న కన్నుమూశారు. ఆయన పుట్టి వందేళ్ళయిన 1993లో ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

కాబట్టి మిత్రులారా! చూపు తక్కువైన వాళ్ళని ఎవరూ ఎగతాళి చేయకండి. బోర్డు కనబడని వాళ్ళు సిగ్గుపడి వెనక బెంచీలో దాక్కోవద్దు. వార్డెన్ గారితో చెప్పి కళ్ళు చూపించుకోండి. ఆ రోజుల్లో నాయుడు గారికి బడి ఆగిపోయింది. మనలో ఎవరికీ ఆగిపోకూడదు.