మట్టి టైల్స్ నుంచి దామెర్ల రామారావు గారి దాకా



ఈ నెల శనివారాల్లో మన ఆర్ట్ క్లబ్ పిల్లలు మట్టి టైల్స్ చేశారు. బంకమట్టిని రెండు చెక్కబద్దల మధ్య ఉంచి, చపాతీ కర్రతో సమంగా ఒత్తి, స్కేలు పెట్టి నాలుగు అంగుళాల చదరాలుగా కోశారు. కొబ్బరి ఈనె, దువ్వెన, అగ్గిపుల్లలతో వాటిమీద ముగ్గులు అద్దారు. మూలకు పావు వంతు వృత్తం గీసిన నాలుగు టైల్స్ పక్కపక్కన పెట్టగానే నిండు వృత్తం కనిపించి, పిల్లలు ఒక్కసారిగా కేక వేశారు.

అయితే కోచింగ్ క్లాసులున్నాయని ఈ నెలలోనే కొందరి పేర్లు క్లబ్ నుంచి తీయించారు. బొమ్మలు వేస్తే మార్కులు వస్తాయా అని పేరెంట్స్ మీటింగులో ఒకరు అడిగారు కూడా. ఆ ప్రశ్న తప్పు కాదు. దానికి నా జవాబుగా మన గోదావరి ఒడ్డున పుట్టిన ఒకరి జీవితం చెబుతాను.

దామెర్ల రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి డాక్టరు. పిల్లవాడికి మాత్రం ఎప్పుడూ బొమ్మల మీదే ధ్యాస. ఇలాంటి పిల్లవాణ్ణి చూస్తే ఏ తల్లిదండ్రులకైనా బెంగగానే ఉంటుంది. కానీ ఆయనకు ఒక గురువు దొరికారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే గారు స్వయంగా చిత్రకారుడు. కవి, చిత్రకారుడు అడవి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యులే. కూల్డ్రే గారు రామారావు చేతిలోని పనితనం గుర్తించారు. వెంట తీసుకెళ్లి అజంతా గుహలు చూపించారు. బొంబాయిలో చదివించమని ఇంట్లోవాళ్లను ఒప్పించారు.

అలా 1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి, 1920లో చదువు పూర్తి చేశారు. అక్కడ నేర్చింది పాశ్చాత్య పద్ధతి. ఇంటికి తిరిగొచ్చాక ఆ నైపుణ్యంతోనే మన కథలు, మన మనుషులు, మన నది బొమ్మలు వేశారు. ఋష్యశృంగ బంధనం, పుష్పాలంకరణ వంటి చిత్రాలతో తెలుగువారి చిత్రకళకు పేరు తెచ్చారు.

అంత పేరున్నవారు బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడొచ్చు. ఆయన రాజమండ్రిలోనే ఉండి, 1922లో ఆంధ్రా సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్ స్థాపించారు. మిత్రులతో కలిసి చిత్రకళా పాఠశాల నడిపారు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేశారు. తనకు ఒక గురువు చేసిన మేలును ఆయన ఊరందరికీ పంచారని నాకనిపిస్తుంది.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. ఇంచుమించు ఇప్పుడు నా వయసు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. కానీ పని ఆగలేదు. మిత్రులు వరదా వెంకటరత్నం గారు పాఠశాలను నిలబెట్టారు. ఆయన చిత్రాలు ఈనాటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి.

మన పిల్లలందరూ చిత్రకారులు కావాలని నేననడం లేదు. ఎవరి చేతిలో ఏముందో తెలియాలంటే ఆ చేతికి కాస్త మట్టి, కాస్త సమయం ఇవ్వాలి. గమనించే పెద్దవాళ్లు పక్కన ఉండాలి. కూల్డ్రే గారు చేసింది అంతే, ఆ తండ్రిగారు ఒప్పుకున్నదీ అంతే.

టైల్స్ ఇప్పుడు నీడలో ఆరుతున్నాయి. తొందరపడి ఎండలో పెడితే వంకర తిరుగుతాయి, తడి పోకుండా ఆవంలో పెడితే పగిలిపోతాయి. కాల్చి తెచ్చాక మన వరండా గోడకు అతికిస్తాం. తప్పకుండా వచ్చి చూడండి. సెలవు రోజున రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్తే, పిల్లల్ని ఆ గ్యాలరీకి కూడా తీసుకెళ్లండి. వచ్చే నెల పేర్లు తీయించే ముందు, దయచేసి ఒక్కసారి మీ పాప చేసిన టైల్ చేతిలోకి తీసుకోండి.