బంతాట నేర్పిన బడిపంతులు

బెజవాడ నుండి హైదరాబాదు పోయే రహదారి నందిగామ దాటి, చిల్లకల్లు మీదుగా పడమరకు సాగి, చివరకు మలక్‌పేట విడిచి మూసీనది ఒడ్డున చాదర్‌ఘాట్ చేరుతుంది. కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతం నుండి చదువులకూ కొలువులకూ ఆ నగరానికి పోయినవారెందరో ఈ వంతెన దాటినవారే. ఆ పేటలోని ఉన్నత పాఠశాలలో పిల్లల చేత ఆటలాడించిన ఒక ఉపాధ్యాయుడు, భారతదేశానికి రెండు పర్యాయాలు ఆసియా ఫుట్‌బాల్ స్వర్ణపతకం తెచ్చిపెట్టారన్న సంగతి వారిలో కొద్దిమందికే తెలిసి ఉంటుంది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులైనారు. విద్యార్థి దశలోనే ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులోనూ, పిదప నగరంలోని కమర్ క్లబ్బులోనూ ఆడి పేరు తెచ్చుకొన్నారు. అయినా ఆయనకు శాశ్వతకీర్తి ఆడిన ఆట వల్ల వచ్చినది కాదు. ఆడించిన ఆట వల్ల వచ్చినది. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలోను పనిచేశారు. నడుమ ఒక సంవత్సరం వ్యాయామ విద్యలో శిక్షణ పొంది వచ్చి, ఈ రెండు ఉన్నత పాఠశాలల క్రీడలనూ తమ చేతిలోకి తీసుకొన్నారు.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. ఆ రోజులలో మన ఆటగాళ్ళకు బంతిని కాలి నుండి వదలకుండా, ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకొంటూ పోవడమే ఘనత. చూచేవారు చప్పట్లు కొట్టేదీ దానికే. రహీం దృష్టిలో అది గారడి, ఆట కాదు. బంతి మనిషి కంటె వేగంగా పరుగెత్తగలదు గనుక బంతినే పరుగెత్తించాలని ఆయన సిద్ధాంతం. దానిని ఉపన్యాసాలతో చెప్పలేదు. ఉపాధ్యాయుడు గనుక అభ్యాసాలతో చెప్పారు. బంతి అందిన వెంటనే ఒక్క తాపుతో తోటివానికి అందించి తీరవలసిన పోటీలు పెట్టారు. బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టారు. కుడిచేతివాటం పిల్లవానికి ఎడమచేతితో ఓనమాలు దిద్దించడం వంటిదే ఇది. మొదట నవ్వులాటగా ఉంటుంది. కొన్ని నెలలు గడిచేసరికి వానికి రెండు కాళ్ళూ లొంగుతాయి. పొట్టివారికి ప్రత్యేకంగా పోటీలు నడిపించి, దేహం చిన్నదైనంత మాత్రాన ఆటకు పనికిరాడన్న దురభిప్రాయాన్ని తొలగించారు. సికింద్రాబాదు బీదపిల్లవాడు తులసీదాస్ బలరాం ఆటను గుర్తించి, దేశమంతా చెప్పుకొనే ఆటగాడుగా తీర్చిదిద్దిన గురువు ఆయనే.

1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టు ఆయన శిక్షణలోకి వచ్చింది. ఆ యేడు మొదలు 1954 దాకా ఐదేళ్ళూ వరుసగా బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. 1950, 1954 సంవత్సరాలలో ఢిల్లీ డ్యూరండ్ కప్పు కూడ వచ్చింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకొనే రోజులలో తూర్పున మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి జట్లకు దక్కను నుండి ఇటువంటి సమాధానం వస్తుందని ఎవరూ ఊహించలేదు.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడోత్సవాలలో ఆయన జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణపతకం గెలుచుకొంది. గోలు వేసినవాడు మేవాలాల్. ఆ సంతోషం యేడాదికే అడుగంటింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్ పోటీలలో మనవారిలో పలువురు చలిలో, తడినేల మీద, ఉత్తకాళ్ళతో ఆడారు. యూగోస్లావియా పది గోళ్ళు వేసింది, మనది ఒక్కటి. ఓటమి పాఠం మాత్రం వృథా కాలేదు. అటుపిమ్మట మన జట్టుకు బూట్లు తప్పనిసరి అయినవి.

నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో ఫలితం కనిపించింది. 1956 డిసెంబరు 1వ తేదీన ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే 4–2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్ళు వేశాడు. ఒలింపిక్ సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టు మనదే. అక్కడ మళ్ళీ యూగోస్లావియా ఎదురైంది. మొదటి గోలు మనవారే వేసినా చివరకు 4–1తో ఓడారు. పదికొకటి ఎక్కడ, నాలుగుకొకటి ఎక్కడ! కాంస్యపతకం బల్గేరియాకు పోయి మనకు నాలుగవ స్థానం దక్కింది. 1960లో రోమ్‌లో ఫ్రాన్సుతో 1–1గా సరిసమానంగా నిలిచారు. ఆ జట్టుకు ఎంపికైన వారిలో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం ఒకరు.

1962లో జకార్తాకు పోయేనాటికే రహీంను ఊపిరితిత్తుల కాన్సరు పీడిస్తున్నది. అక్కడి గాలి కూడ అనుకూలంగా లేదు. ఇస్రాయేలు, తైవాన్ జట్లను ఇండొనీషియా రానీయకపోవడాన్ని భారత ప్రతినిధి సోంధీ తప్పుపట్టడంతో ఊరంతా మనవారిపై మండిపడింది. రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడారు. థాయిలాండ్‌తో ఆటలో రక్షణశ్రేణికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డవి. వేరెవరైనా అతనిని కూర్చోబెట్టేవారు. రహీం కట్టుతోనే అతనిని ముందు శ్రేణికి, సెంటర్ ఫార్వర్డుగా పంపించారు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచారు.

సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. లక్షమంది జనం; వారి గోలలో మన జాతీయగీతమే వినరాలేదు. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు మాత్రం మనవారికి జేజేలు పలికారు. జబ్బుతో మూలబడిన హైదరాబాదు బిడ్డ పీటర్ తంగరాజ్‌ను రహీం ఆనాడు గోలులో నిలిపారు. 17వ నిమిషంలో పి. కె. బెనర్జీ, మరి మూడు నిమిషాలకు తలకు కట్టుతోనే జర్నైల్ సింగ్ గోళ్ళు వేశారు. కొరియా చివర ఒకటి వేసినా స్వర్ణపతకం మనదే అయింది. ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాల్ జట్టుకు ఆ తరువాత స్వర్ణం రాలేదు.

ఆ విజయం తరువాత రహీం బ్రతికినది తొమ్మిది నెలలు. 1963 జూన్ 11వ తేదీన, యాభైనాలుగేళ్ళు నిండకుండానే కన్నుమూశారు.