ఏడేళ్ల వెలుగు.. ఒక్క సంతకం

డొంకూరు లాంటి ఉద్దానం తీరపు ఊళ్ల నుంచి గుజరాత్ బోట్ల మీదకు వెళ్లే కుర్రాళ్లకు అడ్వాన్స్ అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. డబ్బు చేతిలో పడిందంటే సీజన్ అయ్యేదాకా ఆ యజమాని దగ్గరే పని. మధ్యలో వేరే బోటు ఎక్కడం కుదరదు. ఎనభై ఏళ్ల కిందట తెలుగు తెర మీద వెలిగిపోతున్న ఓ హీరోయిన్‌కీ ఇలాంటి చిక్కే వచ్చింది. కాకపోతే ఆమెకు ఆ సీజన్ ఎప్పటికీ ముగియలేదు.

ఆమె కాంచనమాల. పుట్టింది 1917లో, తెనాలి ప్రాంతం అమ్మాయి. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’లో చిన్న వేషంతో సినిమాల్లోకి వచ్చింది. అప్పట్లో ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. కాంచనమాలకు గొంతుంది, దాంతోపాటు చూసినవాళ్లు మర్చిపోలేని పెద్ద పెద్ద కళ్లున్నాయి.

1938 ఆమె జాతకం మార్చేసింది. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. కథ చలం ఇచ్చారు, మాటలు తాపీ ధర్మారావు రాశారు. అప్పటిదాకా తెర మీద పుస్తకాల భాషే. ఇందులో మాత్రం జనం మాట్లాడుకునే తెలుగు వినిపించింది. హరిజనుల ఆలయ ప్రవేశం మీద దేశమంతా వాదులాడుకుంటున్న రోజులవి. అలాంటప్పుడు బ్రాహ్మణ యువకుడిని ప్రేమించిన దళిత యువతిగా కనిపించడమంటే మామూలు తెగువ కాదు. ఇప్పటి హీరోయిన్లు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారేమో! ఆ సినిమాతో కాంచనమాల ఇంటింటి పేరైపోయింది.

ఆపైన వరుసగా అవకాశాలు. ‘మళ్ళీ పెళ్ళి’, ‘ఇల్లాలు’. చదువుండీ ఉద్యోగం దొరకని కుర్రాడి కథ ‘వందేమాతరం’లో నాగయ్య పక్కన ఆమే హీరోయిన్. అది 1939. నిరుద్యోగం అప్పుడూ ఉందన్నమాట.

1942లో జెమినీ వాళ్ల ‘బాలనాగమ్మ’ ఘనవిజయం సాధించింది. ఇబ్బందంతా ఆ సంస్థతో చేసుకున్న ఒప్పందంతోనే వచ్చింది. వాళ్ల అనుమతి లేకుండా బయటి సినిమాల్లో నటించకూడదన్నది అందులో షరతు. అధినేత వాసన్‌తో మాటా మాటా పెరిగింది. ఆమె పంతానికి పోయింది, ఆయనా తగ్గలేదు. బయట ఎంత గిరాకీ ఉన్నా కాగితం అడ్డుపడింది. అప్పటికి ఆమె వయసు పాతికేళ్లే. తర్వాత భర్త పోయాడు. మనసూ చెదిరిపోయింది.

ఆ కష్టంలో ఆమెను ఆదుకున్నది తోటి నటి లక్ష్మీరాజ్యం. తన దగ్గరే ఉంచుకుని చూసుకున్నారు. 1963లో తమ సంస్థ తీసిన ‘నర్తనశాల’లో చిన్న వేషం కూడా ఇప్పించారు. ‘బాలనాగమ్మ’ తర్వాత కాంచనమాల మళ్లీ తెర మీద కనిపించడం అప్పుడే. మధ్యలో ఇరవై ఒక్కేళ్లు గడిచిపోయాయి. 1981లో ఆమె కన్నుమూసింది.