తోళ్ల వ్యాపారి పేరయ్య

ఒంగోలు సంఘం అనగానే మనకు క్లౌ దొరగారే గుర్తొస్తారు. ఆయన 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరేనాటికే ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొంది ఉన్నాడు.

ఒంగోలుకు పడమరగా సుమారు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. దేవుని వెదకుతూ యోగ గురువులకు శిష్యరికం చేశాడు. చివరకు ఏలూరు వైపు వ్యాపారానికి వెళ్లినప్పుడు, అప్పటికే విశ్వాసి అయిన బంధువు ద్వారా క్రీస్తును గూర్చి విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి ఒంగోలు వచ్చి జ్యూయెట్ దొరగారి చేత బాప్తిస్మం పొందాడు. ఒంటరిగా కాదు, ఇల్లాలితో వచ్చాడన్నది గమనించండి.

1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వెళ్లారు. పేరయ్య మాట విని సిద్ధపడినవారిలో 28 మంది అక్కడ బాప్తిస్మం పొందారు.

ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు: విశ్వాసులకు ఇవీ నియమాలు. మనకు తేలికే. కానీ ఊళ్లో గొడ్డు చస్తే దాని తోలు, మాంసం మాదిగలవి. బదులుగా రైతులకు చెప్పులు, మోట తొండాలు కుట్టివ్వాలి, పండుగకు డప్పు కొట్టాలి. ఈ నియమాలు పాటిస్తే ఊరి కట్టుబాటు తెగుతుంది, కూడు పోతుంది. తోళ్లతోనే బతికిన పేరయ్యకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా బోధకుడై పల్లె పల్లె తిరిగాడు.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. పేరయ్య, నాగమ్మ ఒంగోలు వచ్చి అప్పటికి పన్నెండేళ్లు.