పాపన్నకు ఢిల్లీ ఇచ్చిన ఖిల్లత్తు

కేంద్ర, రాష్ట్రాల అధికార విభజన అనగానే మన విద్యార్థులు రాజ్యాంగం ఏడవ షెడ్యూలు తెరుస్తారు. చిల్పూర్ ప్రాంతపు వాడినైన నాకు మాత్రం ముందుగా సర్వాయి పాపన్న గుర్తుకొస్తాడు. మాకు దగ్గరలోని తాటికొండ, రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ ఆయన కోటలు. ఢిల్లీకీ హైదరాబాద్‌కూ మధ్య ఒక కల్లుగీత కులస్థుడు ఎలా నిలిచాడో, ఎలా నలిగిపోయాడో చెప్పే జీవితం ఆయనది.

1687లో గోల్కొండ మొఘలుల వశమై హైదరాబాద్ ఒక సుబాగా మారింది. సైన్యం, శాంతిభద్రతలు సుబేదారు చేతిలో ఉండేవి. ఖజానా చూసే దివాను మాత్రం సుబేదారుకు కాక నేరుగా పాదుషా కొలువుకే జవాబుదారీ. ఊళ్లో శిస్తు వసూలు చేసే జమీందారుకు పైనుంచి గుర్తింపు ఉండాలి. ఈ ఏర్పాటులో తాళ్లెక్కే వాడి వంతు పన్ను కట్టడమే.

పాపన్న ఆ వంతును కాదన్నాడు. తాటికొండ గుట్టమీద కోట కట్టాడు, బాటసారులను దోచాడు, కౌలాస్ జమీందారు వెంకటరావు కొలువులో చేరి, అక్కడే చెరసాల పాలయ్యాడు. ఆ జమీందారు భార్య చలవతో బయటపడి షాపూర్‌ను కేంద్రంగా చేసుకున్నాడు. ఆయన దండులో చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, దూదేకుల పీరు ఉన్నారని జానపద గాథ పేర్లు పెట్టి మరీ చెబుతుంది. ఆ పేర్లు చదివితే చాలు, జమీందార్లు మొఘలుల పక్షాన ఎందుకు చేరారో తెలుస్తుంది.

1707లో ఔరంగజేబు మరణించాడు. వారసత్వ పోరుతో ఢిల్లీ పట్టు సడలింది. అదే ఏడు షాపూర్‌ను ముట్టడించిన రుస్తుం దిల్ ఖాన్, పాపన్న ఇచ్చిన సొమ్ము పుచ్చుకుని వెనుదిరిగాడు. 1708 ఏప్రిల్‌లో పాపన్న వరంగల్ నగరాన్ని కొల్లగొట్టి వేలమందిని చెరపట్టాడు. ఆయనను దేవుణ్ని చేసే మనవాళ్లు ఈ చెరపట్టడం గురించి మాట్లాడరు. మాట్లాడాలని నా అభిప్రాయం. జూన్‌లో భువనగిరి మీద చేసిన దాడి ఫలించలేదు.

1709 జనవరిలో తమ్ముడు కాంబక్షును ఓడించడానికి పాదుషా బహదూర్ షా స్వయంగా హైదరాబాద్ వచ్చాడు. పాపన్న సుబేదారును దాటి నేరుగా ఆయన వద్దకే వెళ్లాడు. 14 లక్షల రూపాయలు, సైన్యానికి ధాన్యం సమర్పించి ఖిల్లత్తు అందుకున్నాడు. గౌరవ వస్త్రం కప్పడమంటే గుర్తించడమే. ఆనాటి వ్యవస్థలో ఇంతకంటే పెద్ద ముద్ర లేదు.

ఆ ముద్ర నిలవలేదు. వరంగల్ ప్రముఖులు షా ఇనాయత్ నాయకత్వంలో మొర పెట్టుకున్నారు. తమ ఆడవాళ్లు చెరలో ఉన్నారన్నది న్యాయమైన ఫిర్యాదే. దానితోపాటు ఒక గీతవాడికి దర్బారు మర్యాద ఏమిటన్న రోషం కూడా ఉంది. కల్లుగీసే వాడిపైకి తానే దండెత్తడం తన హోదాకు తగదని తలచిన పాదుషా, ఆ పని కొత్త సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు అప్పగించాడు. గుర్తింపు ఢిల్లీది, అణచివేత హైదరాబాద్‌ది. పని విభజన ఎంత చక్కగా కుదిరిందో చూడండి.

2025 మార్చిలో తెలంగాణ శాసనసభ బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులు ఆమోదించి ఢిల్లీకి పంపినప్పుడు నాకు ఆ ఖిల్లత్తే గుర్తొచ్చింది. కులాల లెక్క తీసింది రాష్ట్రం, చట్టం చేసింది రాష్ట్రం, ముద్ర వేయవలసింది కేంద్రం. పాదుషా దయకూ రాజ్యాంగ ప్రక్రియకూ పోలిక లేదని నాకు తెలుసు. ఇవాళ ప్రశ్నించే హక్కుంది, ఓటుంది. కానీ నిందను ఢిల్లీ హైదరాబాద్ మీదికీ, హైదరాబాద్ ఢిల్లీ మీదికీ నెట్టుకునే వీలు అలాగే ఉంది. బీసీ యువత రెండు చోట్లా లెక్క అడగాలి.

యూసుఫ్ ఖాన్ పంపిన సేనలు, వాటితో కలిసిన జమీందార్ల బలగాలు షాపూర్‌ను పట్టుకున్నాయి. పాపన్న తాటికొండకు చేరి పోరాడాడు. అదీ పడిపోయాక తప్పించుకుని, 1710లో హసనాబాద్‌లో దొరికిపోయాడు. తన ప్రాణం తానే తీసుకున్నాడని మా గాథలు చెబుతాయి. మొఘల్ చరిత్రకారుల కథనం వేరు. వారి ప్రకారం ఆయన తలను పాదుషా కొలువుకు పంపారు, మొండేన్ని హైదరాబాద్ ద్వారానికి వేలాడదీశారు.